రైలు తెచ్చినదేమి, తీసుకొని పోయినదేమి?

ఒక దేశం ముందుకు పోతున్నదా, వెనుకబడి ఉన్నదా అని తెలుసుకొనుటకు లోకం వాడే కొలబద్దలలో రైలుమార్గాల పొడవు ఒకటి. రైళ్లు దేశానికి రక్తనాళాల వంటివని మనం తరగతిలో చెబుతాము. పిల్లలు వల్లె వేస్తారు. ఉపమానం బాగున్నది. కాని దానిని సగంలో వదలిపెట్టరాదు. శరీరంలో రక్తనాళాలు రెండు విధాలు. గుండె నుండి అవయవాలకు రక్తాన్ని చేర్చేవి కొన్ని, అవయవాల నుండి గుండెకు తీసుకొనిపోయేవి కొన్ని. రెండవ రకం మాత్రమే గల అవయవం గతి ఏమవుతుందో చెప్పుటకు వైద్యుడు అక్కరలేదు.

ఉత్తర తెలంగాణలో, అనగా పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో, రైలు చరిత్రను ఈ దృష్టితో పరిశీలించవలెనని నా అభిప్రాయం. మా ఊరికి రైలు కావలెనని అడుగుట ఈ ప్రాంతంలో ప్రతి తరమూ చేసిన పని. ఆ కోరికలో న్యాయమున్నది. అయితే రైలు వచ్చినంత మాత్రాన సంపద వచ్చినట్లే అనుకొనుట పొరపాటు. పట్టాలు ఎన్ని కిలోమీటర్లు పరచినారన్నది రెండవ ప్రశ్న. ఆ పట్టాలపై వచ్చే బండి మన నేలమీద ఏమి ఎక్కించుకొని పోతున్నది, ఏమి దించి పోతున్నది అన్నది మొదటి ప్రశ్న.

ముందుగా రైలుకు న్యాయంగా చెల్లవలసిన మెప్పును చెల్లిద్దాము. బరువైన సరుకును తక్కువ ఖర్చుతో దూరప్రదేశాలకు చేర్చుటలో నేలమీద దానికి సాటి లేదు. బొగ్గు మోసే ఒక పెట్టెలో సుమారు 60 టన్నులు పడతవి. అటువంటి పెట్టెలు 58 కలిపితే ఒక గూడ్సు బండి. అంటే ఒక్క బండి సుమారు 3,500 టన్నులు మోస్తుంది. అదే బరువును 20 టన్నుల లారీలకు ఎత్తవలెనంటే 175 లారీలు కావలె. ఇనుపచక్రం ఇనుపపట్టా మీద దొర్లేటప్పుడు రాపిడి తక్కువ. అందువలన ఇంధనమూ తక్కువే. బొగ్గు, సున్నపురాయి, సిమెంటు, ఎరువు, ధాన్యం మొదలైనవి బరువు ఎక్కువ, వెల తక్కువ గల సరుకులు. వీటికి రవాణా ఖర్చే ప్రాణం. కిరాయి పెరిగితే గని మూతపడుతుంది. కిరాయి తగ్గితే అడవి నడుమ పట్టణం వెలుస్తుంది.

కాని ఈ చౌకదనం ఎవరి పక్షాన పనిచేస్తుంది? గని ఉన్న చోటికి కర్మాగారం రావచ్చు. కర్మాగారం ఉన్న చోటికి గని సరుకు తరలిపోవచ్చు. రైలుకు రెండూ సమానమే. అది దారి మాత్రమే. ఎటు నడవవలెనో నిర్ణయించేది ప్రభుత్వాల విధానం, పెట్టుబడిదారుల లెక్క, ప్రజల మెలకువ.

దీనికి లోకచరిత్రలో మంచి నిదర్శనం ఉన్నది. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు నడిచినది. ఇనుము, బొగ్గు గల దేశంలో రైలు ప్రవేశించిన తరువాత దాని వెంట యంత్రపరిశ్రమ పుట్టక తప్పదని ఆ సంవత్సరమే కార్ల్ మార్క్స్ ఒక అమెరికన్ పత్రికలో వ్రాసినాడు. జపానులో మొదటి రైలు 1872లో, మనకంటె 19 సంవత్సరాలు వెనుకగా, ఆంగ్లేయ నిపుణుల సహాయంతోనే నడిచినది. కాని 1893లో జపాను తన గడ్డమీద తొలి ఇంజను తయారుచేసుకొన్నది; ఆ తరువాత ఇరవై ఏళ్లలో ఇంజన్ల దిగుమతిని దాదాపు మానుకొన్నది. మన దేశంలో జమాల్‌పూర్, అజ్మీర్ వర్క్‌షాపులలో కొన్ని ఇంజన్లు తయారైన మాట నిజమే. అయినను ఇంజన్లు చాలవరకు బ్రిటను నుండియే వచ్చినవి. ఇంజన్ల కోసం చిత్తరంజన్ కర్మాగారం 1950లోను, పెట్టెల కోసం పెరంబూరు కర్మాగారం 1955లోను, అంటే స్వాతంత్ర్యం వచ్చిన తరువాతనే, ఏర్పడినవి. మార్క్స్ ఊహ తప్పలేదు, నూరేళ్లు ఆలస్యమైనది. పట్టాలు ఒకటే, ఇంజనూ ఒకటే. ఒక దేశంలో రైలు విద్య నేర్పినది. మరొక దేశంలో కిరాయి పుచ్చుకొన్నది. ఈ భేదానికి కారణం రైలులో లేదు; దానిని నడిపించిన అధికారం ఎవరిదన్న దానిలో ఉన్నది.

ఈ సంగతిని హైదరాబాదు సంస్థానంలో కొందరు విద్యావంతులు 1883లోనే గ్రహించినారు. వాడీ నుండి సికిందరాబాదుకు 1874లో వచ్చిన రైలును ఓరుగల్లు మీదుగా ఉత్తరాన చాందా వరకు పొడిగించవలెనన్నది అప్పటి ప్రతిపాదన. చరిత్రలో దీనికి చాందా రైల్వే పథకమని పేరు. లండనులో ఏర్పడే కంపెనీ పెట్టుబడి పెడుతుంది. ఆ పెట్టుబడికి నిర్ణీత వడ్డీ వచ్చునట్లు నైజాం ప్రభుత్వం హామీ ఇస్తుంది. లాభం వస్తే వాటాదారులది. రాకపోతే భారం సంస్థానం ఖజానాది. కంపెనీ పేరులోనే ‘గ్యారంటీడ్’ అన్న మాట ఉన్నది. ఈ షరతులను ప్రజల ముందు పెట్టి చర్చించవలెనని అడిగినవారిలో ముఖ్యులు డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూం. సరోజినీ నాయుడు తండ్రిగారయిన అఘోరనాథుడు హైదరాబాదులో ఆధునిక విద్యకు పునాది వేసిన ఆచార్యుడు. ఆ అడిగిన పాపానికి ఆయనను 1883 మే నెలలో సంస్థానం నుండి వెడలగొట్టినారు.

ఉపాధ్యాయులు ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలెను. మన ప్రాంతానికి రైలు తెచ్చే పథకం విషయమై మొట్టమొదట ప్రశ్న వేసినవాడు ఒక ఉపాధ్యాయుడు. ఆయన అడిగినది రైలు వద్దని కాదు. ఎవరి డబ్బుతో, ఎవరి లాభానికి, ఏ షరతులపై అని అడిగినాడు. నేటికి ఆ ప్రశ్న పాతబడలేదు.

తరువాత ఏమైనది? కంపెనీ రైలు 1886లో ఓరుగల్లుకు, 1889 నాటికి బెజవాడకు చేరినది. ఉత్తరానికి పోవలసిన దారి మాత్రం నలభై సంవత్సరాలకు పైగా ఆగినది. కాజీపేట నుండి బల్లార్షా వరకు సుమారు 235 కిలోమీటర్ల మార్గం 1929లో పూర్తి అయినది. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు మీదుగా, మానేరు, గోదావరి నదులను దాటి పోయే ఈ మార్గంతో మద్రాసు, ఢిల్లీ నగరాలు నేరుగా కలిసినవి. మరుసటి సంవత్సరం, 1930లో, సంస్థాన ప్రభుత్వం కంపెనీ నుండి రైల్వేను స్వాధీనం చేసుకొన్నది.

ఆ మార్గం మన సీమకు చేసిన మేలు చిన్నది కాదు. సింగరేణి కంపెనీ గోదావరి లోయలో ఉత్తరానికి విస్తరించుటకు, బెల్లంపల్లి, మందమర్రి, తరువాత గోదావరిఖని గనుల పట్టణాలుగా పెరుగుటకు ఆ రైలే ఆధారం. ఆదిలాబాదు అడవులలోని వెదురును నమ్ముకొని 1938లో స్థాపితమైన సిర్పూరు కాగితం మిల్లు 1942లో ఉత్పత్తి ప్రారంభించినది. కొత్తపేట అనే పల్లె కాగజ్‌నగర్ అయినది. రామగుండంలో 1978 నవంబరులో పునాదిరాయి పడిన జాతీయ విద్యుత్కేంద్రం 2,600 మెగావాట్ల స్థాయికి పెరిగినది. గనుల నుండి ఆ కేంద్రానికి బొగ్గు దాని స్వంత రైలుమార్గం మీద వలయంగా తిరిగే బండ్లలో వస్తుంది. బసంత్‌నగర్, దేవాపూర్‌లలో సిమెంటు కర్మాగారాలు వెలసినవి. రైలు లేనిదే వీటిలో ఏ ఒక్కటీ ఈ రూపంలో నిలిచేది కాదు.

ఇప్పుడు లెక్కపుస్తకంలో రెండవ పుట తిప్పవలెను.

కరీంనగర్ గుట్టలలోని గ్రానైటును చూడండి. ‘టాన్ బ్రౌన్’ అనే పేరుతో అది విదేశీ విపణిలో ప్రసిద్ధి పొందినది. గుట్టను కోసి, పెద్ద పెద్ద దిమ్మెలుగా రైలు మీద ఎక్కించి, కాకినాడ వంటి రేవులకు పంపి, అక్కడి నుండి ఓడలలో చైనాకు పంపుతూ వచ్చినారు. దిమ్మెను పలకలుగా కోసి మెరుగుపెట్టే పనిలోనే నైపుణ్యమున్నది, విలువ ఉన్నది. ఎగుమతి అయిన దిమ్మె విషయంలో ఆ పని మరొక దేశంలో జరిగినది. మనకు మిగిలినవి పగిలిన గుట్టలు, నీరు నిలిచిన గుంతలు, కొందరికి లాభం, కొందరికి దినకూలి. రైలు ఇక్కడ తన పని తాను నిర్దోషంగా చేసినది. అయితే గుట్ట మన వద్దనుండి పోయినది. మెరుగు పెట్టే విద్య మన వద్దకు రాలేదు.

పత్తి సంగతీ అంతే. జమ్మికుంట, ఆదిలాబాదు పత్తికి పేరుపడ్డ మార్కెట్లు. ఇక్కడ గింజ తీసి, బేళ్లు కట్టి, దూది చాలవరకు పరరాష్ట్రాల నూలు మిల్లులకు పంపుతారు. జమ్మికుంట నుండి సిరిసిల్లకు నూరు కిలోమీటర్లు కూడా లేదు. సిరిసిల్లలో వేలకొలది మరమగ్గాలు ఉన్నవి. ఆ మగ్గాలకు కావలసిన నూలు చాలవరకు ఇతర రాష్ట్రాల నుండి వస్తుంది. పండించే ఊరు ఒక వంక, నేసే ఊరు మరొక వంక, నడుమ వడికే పని మాత్రం దూరదేశంలో! మగ్గం ఆగినప్పుడు సిరిసిల్ల నేతగాడు భివండీకో, సూరత్‌కో రైలెక్కుతాడు. కరీంనగర్, జగిత్యాల పల్లెల యువకుడు బొంబాయికి పోయి అక్కడి నుండి గల్ఫు దేశాలకు విమానమెక్కుతాడు. దూది వలెనే, రాయి వలెనే, మనిషి కూడా ముడిసరుకుగా తరలిపోవుట కంటె విచారకరమైనది ఏమున్నది?

అడవి బిడ్డల అనుభవం ఇంకా చేదు. కుమ్రం భీము 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగిన తరువాత, ఆదిలాబాదు గోండుల స్థితిని పరిశీలించుటకు మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్‌ను నైజాం ప్రభుత్వం నియమించినది. రాకపోకల సౌకర్యాలు పెరిగిన కొలది బయటివారి వలస హెచ్చి, పట్టాలు లేని గోండుల భూములు చేజారిన వైనాన్ని ఆయన గ్రంథస్థం చేసినాడు. భూమి మీద హక్కు ముందు ఏర్పడి, దారి తరువాత వచ్చి ఉంటే ఆ దారి గోండు రైతుకు అంగడి చూపేది. దారి ముందు వచ్చి, హక్కు వెనుకబడినందున అది అతని పొలానికి పోటీదారును తెచ్చినది.

మరొక సంగతి. సిర్పూరు మిల్లు 2014లో మూతపడినది. జీతాలు లేక కార్మిక కుటుంబాలు అలమటించినవి. ఆ నాలుగేళ్లూ కాగజ్‌నగర్ మీదుగా ఢిల్లీ రైళ్లు నడుస్తూనే ఉన్నవి. 2018లో కొత్త యాజమాన్యం క్రింద మిల్లు మరల తెరచినారు. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో ఆగి, రెండు దశాబ్దాల తరువాత గాని కొత్త రూపంలో పునఃప్రారంభం కాలేదు. ఆదిలాబాదు సిమెంటు కర్మాగారం 1990 దశకంలో ఆగినది ఆగినట్లే ఉండిపోయినది. ఈ మూడు చోట్లా రైలు ఉన్నది. రైలు ఉన్నది కదా అని పరిశ్రమ నిలువలేదు. పరిశ్రమకు పట్టాలు అవసరమే, కాని అవి మాత్రమే చాలవని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

ఇక ప్రయాణికుని మాట. 1929 నాటి మార్గం దూరనగరాలను కలుపుటకు ఏర్పడినది. జిల్లా కేంద్రాలను కలుపుటకు కాదు. కరీంనగర్ పట్టణం ఆ మార్గానికి ముప్పది అయిదు కిలోమీటర్ల దూరాన ఉండి, దాదాపు డెబ్బది సంవత్సరాలు రైలు కూతకు దూరమైనది. పెద్దపల్లి నుండి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాదుకు 177 కిలోమీటర్ల మార్గం 1990 దశకపు మొదట మంజూరై, 2017లో గాని చివర ముట్టలేదు. ఆదిలాబాదు స్థితి మరీ విచిత్రం. రోడ్డున హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. రైలున పోవలెనంటే మహారాష్ట్రలో కిన్వట్, ముద్ఖేడ్ చుట్టి, తిరిగి బాసర వద్ద తెలంగాణలో ప్రవేశించి, 400 కిలోమీటర్లకు పైగా పోవలె. రోగిని రాజధాని ఆసుపత్రికి తీసుకొనిపోయే కుటుంబానికి, పరీక్షకు పోయే విద్యార్థికి ఆ నూరు కిలోమీటర్ల భేదం ఒక రాత్రి నిద్ర, ఒక పూట భోజనం. నిర్మల్ పట్టణానికి ఆ చుట్టుదారి రైలు కూడా లేదు. దేశానికి బొగ్గు, విద్యుత్తు ఇచ్చే సీమలో దీపం క్రింద చీకటి అన్న సామెత ఇట్లు నిజమైనది.

‘ఇప్పుడు నాలుగు వరుసల రహదారి ఉన్నది గదా, రైలు ఎందుకు?’ అని కొందరు అంటారు. నాగపూరు నుండి ఆదిలాబాదు, నిర్మల్ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి గొప్ప సౌకర్యమే. కాని కారు గలవాడికి రహదారి, లేనివాడికి రైలు అన్నది మన దేశపు వాస్తవం. సాధారణ తరగతి టిక్కెట్టు ఇప్పటికీ బీదవాని ప్రయాణసాధనం. బరువు సరుకు సంగతి పైన చెప్పినాను. ‘పరిశ్రమ లాభమున్న చోటికి తానే వస్తుంది, దానిని రమ్మని ఎవరూ శాసించలేరు’ అని మరికొందరి వాదం. ఇందులో కొంత సత్యమున్నది. అయితే గోదావరి గట్టున బొగ్గు ఎంత కాలంగా ఉన్నదో విద్యుత్కేంద్రం అంత కాలంగా లేదు. ప్రభుత్వం తలపెట్టినందున అది వచ్చినది. ఎవరూ తలపెట్టనందున నూలు మిల్లులు రావలసినన్ని రాలేదు. ‘తానే వస్తుంది’ అన్నవారు ఎవరో ఒకరు తెచ్చిన సంగతి మరచిపోతున్నారు.

గాంధీజీ 1909లో ‘హింద్ స్వరాజ్’లో రైళ్లను తీవ్రంగా నిరసించినాడు. రైలు వచ్చిన తరువాత రైతు తన ధాన్యాన్ని ప్రియమైన అంగడికి పంపి, ఇంట కరవు తెచ్చుకొంటున్నాడని ఆయన ఆరోపణ. రైలును వదలుకొనవలెనన్న ఆయన తీర్పును మనం అంగీకరించలేము. కరవుకాలంలో ధాన్యం తెచ్చి ప్రాణాలు నిలిపేదీ ఆ రైలే. అయినను ఆయన ఆరోపణలోని సారం గ్రహించదగినది. తరలించే శక్తి పెరిగినప్పుడు నిలుపుకొనే శక్తి కూడా పెరుగవలె.

ఇప్పుడు మరల కొత్త మార్గాల కాలం వచ్చినది. మనోహరాబాదు నుండి సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా కరీంనగర్ సమీపాన కొత్తపల్లికి చేరవలసిన 151 కిలోమీటర్ల మార్గానికి 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగి, 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలు వచ్చినది. కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రానికి 2023 జూలైలో పునాది వేసినారు. ఆదిలాబాదును నిర్మల్ మీదుగా ఆర్మూరుతో కలుపవలెనన్న కోరిక ఏనాటి నుండియో ఉన్నది. ఇటువంటి సమయంలో మనం కోరవలసినది ‘రైలు కావలె’ అని మాత్రమే కాదు. రైలుతోపాటు నాలుగు కావలెనని కోరవలె.

మొదటిది, సిరిసిల్లకు రైలు చేరేనాటికి అక్కడ నూలు వడికే ఏర్పాటు. లేనిచో కొత్త రైలు పరరాష్ట్రపు నూలును ఇంకొంచెం చౌకగా తెచ్చే సాధనం మాత్రమే అవుతుంది. రెండవది, పసుపు, మొక్కజొన్న, వరి పండే జగిత్యాల, మెట్‌పల్లి ప్రాంతాల స్టేషన్ల వద్ద గిడ్డంగులు. పంట చేతికి వచ్చిన వారమే అమ్ముకొనక తప్పని రైతుకు రైలు ఉపకరించదు; ధర వచ్చేదాకా దాచుకొనగలిగిన రైతుకే అది ఉపకరిస్తుంది. మూడవది, కాజీపేట, రామగుండం, కరీంనగర్‌లలోని సాంకేతిక విద్యాలయాలలో రైల్వేకు, రాతి పనికి, నేత యంత్రాలకు సంబంధించిన శిక్షణ. కర్మాగారం ఇక్కడ, పనివాడు ఎక్కడివాడో అయితే జపాను నేర్చుకొన్న పాఠం మనం నేర్వనట్లే. నాలుగవది, అడవి ప్రాంతంలో ఏ మార్గం వేసినా, పట్టాలు పరచుటకు ముందే గోండు, కోలాము రైతుల భూమి హక్కులు కాగితం మీద స్థిరపడవలె. పాత మార్గం నేర్పిన ఆ పాఠానికి ఒకసారి వెల చెల్లించినాము. రెండవసారి చెల్లించనక్కర లేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. రైల్వేల వలన లాభాలు పది వ్రాయుము అన్న ప్రశ్నకు పిల్లలు కంఠస్థం చేసిన జవాబు వ్రాస్తున్నారు. అందుకు బదులుగా వారిని ఒక వారం పాటు దగ్గరి స్టేషనును గమనించమని చెప్పండి. పెద్దపల్లి కావచ్చు, జమ్మికుంట కావచ్చు, మంచిర్యాల కావచ్చు. గూడ్సు షెడ్డులో ఎక్కిన సరుకేమి, దిగిన సరుకేమి, ప్రయాణికులు ఏ పనికై ఏ ఊరికి పోతున్నారు అని అడిగి రెండు వరుసలలో వ్రాయమనండి. పోయిన వస్తువు ఏ రూపంలో పోయినదో, వచ్చిన వస్తువు ఏ రూపంలో వచ్చినదో దాని ప్రక్కన గుర్తించమనండి. దూది పోయి చొక్కా వచ్చినదని, రాయి పోయి పలక వచ్చినదని ఒక బాలుడు తన చేతితో వ్రాసుకొన్న నాడు అర్థశాస్త్రంలో మొదటి పాఠం అతనికి వచ్చినట్లే.

1883లో ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుని సంస్థానం వెడలగొట్టినది. నేడు అటువంటి భయం లేదు. మనం ఎన్నుకొన్న శాసనసభలున్నవి, పార్లమెంటున్నది, మనవి వినిపించుటకు పత్రికలున్నవి. ఎవరి లాభానికి, ఏ షరతులపై అని అడుగుట నేరం కాదు, అడుగకుండుటయే లోపం. కొత్త మార్గానికి పచ్చజెండా ఊపే రోజున పిల్లలను తీసుకొని స్టేషనుకు పోదాము, ఆనందిద్దాము. ఆ మరుసటి రోజు నుండి లెక్క వ్రాయుట మాత్రం మానరాదు.